కారు ముందు చక్రాల షాకప్‌లు, లింక్ రాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? ఎక్కడిదాకా మనం చేయొచ్చు?

నల్లగొండ_గడియారం

అందరికీ నమస్తే. మాది నల్లగొండ. 2013 మోడల్ డీజిల్ బండి, చిన్నదే, హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే సగం మంది ఆ బండి ఎందుకు కొన్నావని మొదలుపెడతారు. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా ముందు ఎడమ పక్క నుంచి లొడలొడమని శబ్దం. హైవే మీద 80లో పోతుంటే ఏమీ ఉండదు. ఊళ్లో చిన్న గతుకుల మీద 20, 30 స్పీడులో మాత్రం డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు వినిపిస్తుంది. మొన్న దేవరకొండ వెళ్లొచ్చేసరికి మా ఆవిడ డోర్ సరిగా పడలేదేమో అనుకొని నాలుగుసార్లు తీసి వేసింది.

షెడ్డుకు తీసుకెళ్తే చక్రం పట్టుకొని రెండుసార్లు ఊపి, రెండు షాకప్‌లు, రెండు లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, స్టీరింగ్ ఎండ్‌లు అన్నీ పోయాయి, సామాను కూలీ కలిపి 23 వేలు అన్నారు. బండి లేపలేదు, కింద లైటు వేసి చూసింది లేదు. అది నాకు నచ్చలేదు. డబ్బు ఒక్కటే కాదు, ఏది పోయిందో చెప్పకుండా అన్నీ పోయాయంటే నమ్మబుద్ధి కాదు కదా.

అందుకే నేనే చేద్దామనుకుంటున్నాను. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకుంటాను కాబట్టి పాన పట్టడం కొత్త కాదు. నా దగ్గర డిక్కీలో వచ్చిన స్క్రూ జాకీ ఉంది, ఇంటి పనికి తెచ్చిన సిమెంటు ఇటుకలు మిగిలి ఉన్నాయి, వాటిని కింద పేర్చుకోవచ్చు. పాత ఇల్లు, వరండా అంతా షాబాద్ బండలు, బండి నీడలోనే ఉంటుంది. స్ప్రింగును నొక్కే కొక్కేలు ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతున్నాయి. ఒక ఆదివారంలో అయిపోతుందా? ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రించ్ లేకపోతే పర్లేదా? చేసినవాళ్లు చెప్పండి.

పాలమూరు_పాన

తమ్ముడూ, మహబూబ్‌నగర్‌లో షెడ్డులో పదిహేనేళ్లు పనిచేసి, నడుము పోయాక వేరే వ్యాపారంలోకి వచ్చినవాణ్ణి. నీ పోస్టులో మంచి మాట ఒకటుంది, ఏది పోయిందో తెలియకుండా మార్చననడం. మిగతావాటిలో మూడు నన్ను భయపెట్టాయి. ఇటుకలు, షాబాద్ బండలు, ఆన్‌లైన్ కొక్కేలు. వాటి సంగతి తర్వాత, ముందు శబ్దం సంగతి.

నువ్వు చెప్పిన లక్షణం, చిన్న గతుకుల మీద తక్కువ స్పీడులో లొడలొడ, హైవే మీద స్పీడులో లేకపోవడం, నూటికి ఎక్కువసార్లు లింక్ రాడ్డే అవుతుంది. మలుపుల్లో బండి ఒక పక్కకు వాలకుండా అడ్డంగా ఉండే యాంటీ రోల్ బార్‌ని షాకప్‌కి కలిపే సన్నటి కడ్డీ, రెండు చివర్లా చిన్న బాల్ జాయింట్లు, అంటే గిన్నెలో గుండులా తిరిగే కీళ్లు. అది అరిగితే బండి ఊగదు, స్టీరింగు లాగదు, ఊరికే మోగుతుంది. షాకప్ పోతే లక్షణం వేరు. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఒకసారి ఎగిరి కుదురుకోవాలి, రెండు మూడుసార్లు ఊగుతూనే ఉందంటే అనుమానించు. షాకప్ ఒంటి మీద తడి ఆయిలు కారి దుమ్ము పట్టి నల్లటి ముద్దగా కనిపిస్తే ఇక అనుమానమే లేదు. బండి నిలబెట్టి స్టీరింగు తిప్పుతుంటే పై నుంచి టంగ్ టంగ్ అని స్ప్రింగు జారినట్టు వస్తే అది షాకప్ పైనుండే మౌంట్, బేరింగు. బ్రేకు వేసినప్పుడో, రివర్స్ నుంచి ముందుకు కదిలినప్పుడో ఒక్కటే దెబ్బలా "ఠక్" అంటే లోయర్ ఆర్మ్ బుష్ చూడాలి, అంటే చక్రాన్ని కింద నుంచి బాడీకి పట్టే ఇనుప చేతి మొదట్లో ఉండే రబ్బరు.

చక్రం గాల్లోకి లేచాక పైనా కిందా పట్టుకొని ఊపితే ఆట ఉంటే బాల్ జాయింటో వీల్ బేరింగో. ఎడమా కుడీ పట్టుకొని ఊపితే ఆట ఉంటే స్టీరింగ్ ఎండ్, స్టీరింగు కడ్డీని చక్రానికి కలిపే కీలు. లింక్ రాడ్డుకు ఇంకా తేలిక పద్ధతి ఉంది. బండి నేల మీదే ఉంచి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, తాళం తీసి జేబులో పెట్టుకొని, చక్రం వెనక చెయ్యి పెట్టి రాడ్డును పట్టుకొని ఆడించు, ఇంకొకరిని బానెట్ పక్కన నిలబెట్టి బండిని మెల్లగా కిందికి ఊపమను. పోయిన జాయింటు వేళ్లకే కొడుతుంది. ఇది చూశాకే సామాను కొను.

ఒకే_జాకీ

ఇంత పెద్ద కథ ఎందుకు, నేను పదేళ్లుగా డిక్కీ జాకీ మీదే అన్నీ విప్పుతున్నాను, ఇప్పటిదాకా ఏమీ కాలేదు. చేసేయ్ భాయ్, యూట్యూబ్‌లో ఉంది.

వాడపల్లి_వైపు

పై కామెంటు పెట్టిన అన్నకు దండం. నేనూ సరిగ్గా ఇదే మాట అనేవాణ్ణి, పోయినేడు మే నెల దాకా.

మాది మిర్యాలగూడ. మా ఇంటి ముందు కొత్తగా వేసిన తారు రోడ్డు ఉంది, మట్టి కన్నా అది గట్టి కదా అని దాని మీదే పెట్టాను. పొద్దున ఏడింటికి మొదలుపెడితే అంతా బాగానే ఉంది. ఒక బోల్టు రాక, దాంతో కుస్తీ పడుతూ పడుతూ పదకొండున్నర అయింది. మన దగ్గర మే నెల పదకొండున్నర అంటే ఎట్లుంటుందో మీకు చెప్పాలా. తారు మెత్తబడింది. జాకీ అడుగు చిన్నది, బరువంతా దాని మీదే, ఒక పక్కకు వేలెడంత దిగిపోయింది. నాకు కనపడలేదు, ఎందుకంటే నేను బోల్టునే చూస్తున్నాను. రాడ్డు వేసి గట్టిగా లాగాను, జాకీ పక్కకు వాలింది, బండి కూర్చుంది.

నేను బతికి ఈ పోస్టు రాస్తున్నానంటే ఒక్కటే కారణం, విప్పిన చక్రాన్ని సోమరితనంతో బండి కిందికే తోసేశాను. బాడీ అంచు వచ్చి ఆ చక్రం మీద పడింది. రిమ్ము వంకర పోయింది, అంతే. నా మోచెయ్యి అప్పటికి డిస్కు కింద నుంచి తీసి ఒక్క నిమిషం కూడా కాలేదు. లోపల వంట చేస్తున్న మా అమ్మ ఆ చప్పుడుకు గరిటె పట్టుకొనే బయటికి వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో "జాకీ" అనే మాట అనకూడదు, సరదాకి కూడా.

జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. సిమెంటు ఇటుక గురించి కూడా చెప్తా, ముఖ్యంగా లోపల బోలుగా ఉండేవి. గోడలో పెడితే బరువు అంతా పరుచుకుంటుంది కాబట్టి మోస్తుంది, ఒకే చోట మొన లాంటి బరువు పడితే ముందు చెప్పకుండా పగులుతుంది. కర్రయితే కనీసం మూలుగుతుంది. ఇటుక మూలగదు.

నల్లగొండ_గడియారం

వాడపల్లి అన్నా, చదువుతుంటేనే నా మోచెయ్యి జలదరించింది. సరే, ఇటుకలు క్యాన్సిల్. మూడు టన్నుల జాకీ స్టాండ్లు జత, చిన్న ట్రాలీ జాకీ ఆర్డర్ పెట్టాను.

పాన అన్న చెప్పినట్టు చూశాను. మా తమ్ముడు బానెట్ ఊపుతుంటే నేను చెయ్యి పెట్టాను. ఎడమ లింక్ రాడ్ పై జాయింటు వేళ్లకు టక్ టక్ అని కొడుతోంది, రబ్బరు టోపీ చిరిగి లోపల గ్రీజు బదులు మట్టి ఉంది. కుడిది కొంచెం మేలు. ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్ రబ్బరు చీలి ఉంది, స్క్రూడ్రైవర్ మొన దూరేంత. షాకప్‌లు రెండూ పొడిగానే ఉన్నాయి. కానీ ఎడమ పక్క డస్ట్ కవర్ ముక్కలై కడ్డీ మీద పడి ఉంది, దాని కింద ఉండే రబ్బరు దిమ్మ కూడా పొడి పొడి అయిపోయింది. ఇప్పుడు లింక్ రాడ్లు రెండు, లోయర్ ఆర్మ్‌లు రెండు కొంటే చాలా? షాకప్ విప్పి ఆ కవరు మార్చాలంటే స్ప్రింగు తీయాలి కదా. షాబాద్ బండల సంగతి కూడా చెప్పలేదు మీరు.

పాలమూరు_పాన

చూశావా, 23 వేలలోంచి షాకప్‌లూ స్టీరింగ్ ఎండ్‌లూ అప్పుడే పక్కకు పోయాయి.

షాబాద్ బండల కింద చాలా ఇళ్లలో ఉత్త ఇసుక, చౌడు ఉంటాయి. పాత ఇల్లంటున్నావు కాబట్టి కాలితో కొట్టి చూడు, కొన్నిచోట్ల డొల్లగా మోగుతాయి. జాకీ స్టాండ్ కాలు డొల్ల బండ మీద పడితే బండ పగిలి స్టాండు వాలుతుంది. స్టాండు కింద అడుగున్నర అడుగు చదరంలో మందపాటి చెక్క వెయ్యి, పాత దర్వాజా చెక్కో, పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలో. దానికన్నా మంచిది, పక్కింట్లో ఎవరికైనా సమతలంగా కాంక్రీటు వేసిన వాకిలి ఉంటే అడుక్కో.

ఇక వరస. హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరులో పెట్టి, వెనక చక్రాలకు రెండు పక్కలా రాళ్లో దిమ్మలో అడ్డం పెట్టు. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే పావు తిప్పు వదులు చెయ్, గాల్లో లేచాక కాదు. స్టాండు పెట్టాల్సింది బాడీ అంచు కింద కంపెనీవాళ్లు గుర్తు పెట్టిన రెండు గాట్ల మధ్య, లేదంటే మాన్యువల్‌లో చూపించిన చోట. నేల రేకు కింద పెడితే రేకు లోపలికి పోతుంది. రెండు ముందు చక్రాలూ లేపు, ఒక్కటే కాదు. ఎందుకో చెప్తా. ఒక పక్కే లేపితే యాంటీ రోల్ బార్ మెలిపడి బిగుసుకుంటుంది. పాత లింక్ రాడ్ నట్టు ఊడగానే ఎగిరి వేళ్లకు కొడుతుంది, కొత్తది పెట్టబోతే రంధ్రానికి అంగుళం దూరంలో నిలబడి ఏడిపిస్తుంది. రెండూ సమానంగా వేలాడితే చేత్తోనే కూర్చుంటుంది.

బండి స్టాండ్ల మీదికి దిగాక, చక్రాలు విప్పకముందే, ఫెండర్ మీద చెయ్యి వేసి గట్టిగా తోసి చూడు. కదలాల్సింది ఉంటే అప్పుడే కదలాలి, నువ్వు కింద ఉన్నప్పుడు కాదు. ట్రాలీ జాకీ తీసెయ్యకు, కొంచెం బరువు మోసేలా అక్కడే ఉంచు. విప్పిన చక్రాలు అంచు కిందికి తొయ్యి, మిర్యాలగూడ తమ్ముడు సోమరితనం అన్నాడు గాని షెడ్డుల్లో అది కావాలనే చేస్తారు.

లింక్ రాడ్ నట్టు తిప్పితే లోపలి కడ్డీ కూడా దాంతోపాటే తిరుగుతుంది, దాని చివర అల్లెన్ కీ పట్టే గుంట ఉంటుంది, లేదా వెనక సన్న పాన పట్టేలా చదును ఉంటుంది. ముందురోజు రాత్రి తుప్పు వదిలే స్ప్రే కొట్టి, థ్రెడ్ల మీద మట్టిని ఇనుప బ్రష్‌తో దులుపు. ఈ దులపడం మానేసి నట్టు సగంలో పట్టేస్తే అల్లెన్ గుంట గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత కోయడమే దారి. పాత నట్లు మళ్లీ వాడకు, వాటిలో నైలాన్ రింగు ఒకసారికే.

లోయర్ ఆర్మ్ గురించి ఒక్క మాట, దీన్ని సగం షెడ్డుల్లో కూడా పాటించరు. బుష్ రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కొని ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బోల్టులు గట్టిగా బిగిస్తే, బండి కిందికి దిగగానే ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడిన స్థితిలోనే ఉంటుంది, కొన్ని నెలల్లో చీలుతుంది. మనం సామాను డూప్లికేట్ అని తిడతాం. కాబట్టి బోల్టులన్నీ చేత్తో వేసి, కొంచెం బిగువు మీద ఆపు. తర్వాత స్టాండు అట్లాగే ఉంచి ట్రాలీ జాకీని బాల్ జాయింటు కింద పెట్టి మెల్లగా లేపు. బాడీ స్టాండు మీద నుంచి లేవబోతుందనగా ఆపు, అది దాదాపు బండి నేల మీద నిలబడిన ఎత్తు. అప్పుడు చివరి బిగువు.

బాల్ జాయింటు కడ్డీకి పక్కన గాడి ఉంటుంది, అడ్డంగా పోయే బోల్టు ఆ గాడిలో కూర్చుంటుంది. బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీస్తేనే కడ్డీ వస్తుంది. ఇది తెలియక గంటసేపు సుత్తితో కొట్టినవాళ్లను చూశాను. ఆర్మ్ వదిలాక చక్రం పక్క భాగాన్ని బయటికి ఎక్కువ లాగకు, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడొస్తుంది. ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం ఎక్కడెక్కడ క్లిప్పు వేసి ఉన్నాయో ముందే ఫోటో తీసుకో.

స్ప్రింగు మాత్రం ఇంట్లో వద్దు. దాని మీద రేపు రాస్తా, షాపు కట్టే టైం అయింది.

ఒకే_జాకీ

వాడపల్లి తమ్ముడి పోస్టు రెండుసార్లు చదివాను. స్టాండ్లు ఏ టన్ను తీసుకోవాలి?

కొత్తకోట_టూల్‌కిట్

స్టాండ్ల మీద రాసిన టన్నులు కొన్నిచోట్ల జతకు కలిపి ఉంటాయి, ఒక్కోదానికి కాదు, కొనేముందు డబ్బా చదవండి. చిన్న బండికి మూడు టన్నుల జత నిశ్చింత, అడుగు కూడా వెడల్పుగా ఉంటుంది.

నేను మెకానిక్‌ని కాదు, కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, మా ఆయన బండీ నా బండీ రెండూ నేనే చూసుకుంటాను. గడియారం గారు టార్క్ రించ్ గురించి అడిగారు, ఎవరూ జవాబివ్వలేదు. లేకపోతే పర్లేదు అనేవాళ్లకు ఒక చిన్న లెక్క. చిన్న కార్ల వీల్ నట్లు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి. 100 అనుకుంటే, అర మీటరు పొడవున్న రాడ్డు చివర దాదాపు 20 కిలోల బలం. సగం మంది మగవాళ్లు రాడ్డు మీద కాలు పెట్టి ఎక్కుతారు, అంటే 70 కిలోలు, మూడున్నర రెట్లు. బోల్టు తెగకపోయినా సాగుతుంది, మళ్లీ పంక్చర్ పడ్డప్పుడు రోడ్డు మీద రాదు. లింక్ రాడ్ నట్టుకు ఇంకా తక్కువ బిగువు చాలు, ఆర్మ్ బోల్టులకు ఎక్కువ కావాలి. ఎంతో ఊహించకండి, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోనే చూడండి, అదే కంపెనీ ఇంకో మోడల్‌ది కూడా పనికిరాదు. రించ్ వాడాక దాన్ని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోయి తప్పు చెప్తుంది. నేను హైదరాబాద్ రాణిగంజ్‌లో కొన్నాను, నాలుగేళ్లయింది.

ఒకటి ఒప్పుకోవాలి. మొదటిసారి నేను రించ్ "క్లిక్" అన్నాక కూడా నమ్మక ఇంకో రెండుసార్లు క్లిక్ క్లిక్ అనిపించేదాన్ని. అది కూడా ఎక్కువ బిగించడమే. ఒక్క క్లిక్, చెయ్యి తీసెయ్యాలి.

పాలమూరు_పాన

మేడమ్ లెక్క బాగుంది, కాలు పెట్టి ఎక్కేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇప్పుడు స్ప్రింగు. నీది డీజిల్ బండి, ముందు భాగం బరువెక్కువ, ఒక్కో ముందు చక్రం మీద మూడు వందల కిలోలు దాటి ఉంటుంది. ఆ బరువు మోసేది స్ప్రింగే. షాకప్ బండి నుంచి ఊడి నీ ఒళ్లోకి వచ్చినప్పుడు కూడా స్ప్రింగు పూర్తిగా వదులు కాదు, పైన మధ్యలో ఉండే ఒక్క నట్టు దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. బానెట్ ఎత్తితే షాకప్ పైభాగం కనిపిస్తుంది. చాలా బండ్లలో చుట్టూ రెండు మూడు చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్దది. చిన్నవి బాడీకి పట్టేవి. మధ్యది స్ప్రింగుకు తాళం. కొన్ని మోడళ్లలో మధ్య నట్టే బాడీకి పడుతుంది, స్ప్రింగును పట్టేది రేకు కింద ఇంకోటి ఉంటుంది. కాబట్టి నీ బండిలో ఏది ఏదో మాన్యువల్‌లో చూడకుండా మధ్య నట్టు మీద పాన పెట్టకు. అది తెలియక తిప్పినవాళ్ల పైకప్పు రేకులకు చిల్లు పడటం నేను చూశాను, మనిషి అడ్డం లేడు కాబట్టి రేకుతో పోయింది.

ఆన్‌లైన్ కొక్కేలు జతలుగా వస్తాయి, పొడుగాటి స్క్రూకి అటూ ఇటూ గోళ్లు. మంచివి ఉన్నాయి, కాదనను. కానీ స్ప్రింగు చుట్టు ఏటవాలుగా ఉంటుంది కదా, ఒక పక్క ఎక్కువ బిగించితే గోరు చుట్టు మీద జారుతూ పోతుంది, స్ప్రింగు అరటిపండులా వంగుతుంది. రెండూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, ఒకటి రెండు తిప్పులు, మళ్లీ ఇంకోటి రెండు తిప్పులు, స్క్రూకి గ్రీజు, బోల్టులు తిప్పే గన్ను వాడకుండా చేత్తోనే, మొహం ఎప్పుడూ కడ్డీకి ఎదురుగా పెట్టకుండా చేయగలవా? చేయగలవు. కానీ మొదటిసారే దాంతో నేర్చుకోవాల్సిన అవసరం ఏంది?

నా సలహా ఇది. షాకప్‌ని మొత్తంగా, స్ప్రింగుతో సహా, బండి నుంచి నువ్వే విప్పు. కింద చక్రం పక్కన ఉండే రెండు పెద్ద బోల్టుల చుట్టూ ముందు పెయింటుతో గీత గీయి, మళ్లీ అదే చోట కూర్చోబెట్టడానికి. ఆ బోల్టులు ఊడాక చక్రం పక్క భాగం బయటికి వాలుతుంది, బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకుండా బైండింగు తీగతో కట్టు. ఆఖరున పై చిన్న నట్లు, అప్పుడు కింద ఒక మనిషి షాకప్‌ని పట్టుకొని ఉండాలి. అట్లాగే సంచిలో వేసుకొని ప్రెస్సు ఉన్న షెడ్డుకు తీసుకెళ్లు. స్ప్రింగు నొక్కే ప్రెస్సు గోడకో స్టాండుకో బిగించి ఉంటుంది, పని పది నిమిషాలు. విప్పి తెచ్చిన షాకప్‌కి తీసుకునే కూలీ వేరు, బండితో పోతే తీసుకునే కూలీ వేరు. సిగ్గుపడకు, సగం పని మనం చేసి సగం వాళ్లకివ్వడంలో తప్పేం లేదు.

అక్కడ పక్కన నిలబడి రెండు చూడు. కడ్డీ తిరుగుతోందని మెరిసే భాగాన్ని పట్టకారతో పట్టుకుంటే అక్కడే ఆపు. ఆ మెరుపు మీద గీత పడితే లోపలి సీలును కోసేస్తుంది, ఆరు నెలల్లో ఆయిలు కారుతుంది. రెండోది, స్ప్రింగు కింది కొస పళ్లెంలో ఉండే మెట్టుకు ఆనుకోవాలి. మెట్టు ఎక్కి కూర్చుంటే మొదటి గుంతలోనే టంగుమంటుంది. కవరు, రబ్బరు దిమ్మ రెండు పక్కలా మార్చు, పై బేరింగు చేత్తో తిప్పితే గరగరమంటే అది కూడా. షాకప్‌లు పొడిగా ఉన్నాయి, బండి ఊగట్లేదు కాబట్టి వాటినే ఉంచు. మార్చాల్సి వస్తే మాత్రం జతగా, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు వాలుతుంది.

నల్లగొండ_గడియారం

అప్‌డేట్. ఒక ఆదివారంలో కాలేదు, రెండు ఆదివారాలు పట్టింది.

మొదటి వారం లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్‌లు. పక్కింటి పెద్దనాన్న వాకిలి కాంక్రీటు, అడగగానే సరే అని ఆయనే కుర్చీ వేసుకొని కూర్చున్నారు. రెండు గంటలు ఆయన నాకు బావి మోటారు రిపేరు గురించి చెప్పారు, నేను బోల్టులు విప్పాను. కుడి లింక్ రాడ్ పావుగంటలో వచ్చింది. ఎడమది పై నట్టు సగం దాకా వచ్చి పట్టేసింది, అల్లెన్ గుంట అరిగింది, బ్రష్ కొట్టమన్నారు కదా, ఆ పక్కకు కొట్టాను గాని పైపైన కొట్టాను. ఆఖరికి గ్రైండర్ తెచ్చి, బ్రేకు గొట్టం మీద తడి గోనెసంచి కప్పి కోశాను. నిప్పురవ్వలు చూసి పెద్దనాన్న కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

ఎడమ ఆర్మ్ బాల్ జాయింటు దగ్గర పాన అన్న మాట గుర్తుంది కాబట్టి బోల్టు పూర్తిగా తీశాను, అయినా కడ్డీ రాలేదు. చీలికలో ఉలి పెట్టి కొంచెం విప్పదీసి, ఆర్మ్ మీద గడ్డపార వేసి కిందికి నొక్కితే ఒక్కసారిగా ఊడింది. పాత బుష్‌ని తీసి చూస్తే రబ్బరు సగం గుండ్రంగా చీలి, లోపలి గొట్టం ఒక పక్కకు ఒరిగి ఉంది. అంత చీలినదాంతో ఇన్నాళ్లు హైవే ఎక్కానా అనిపించింది. చివరి బిగువు జాకీతో ఎత్తు తెచ్చాకే చేశాను, ఒక్క క్లిక్, చెయ్యి తీసేశాను మేడమ్.

రెండో వారం షాకప్‌లు విప్పి సంచిలో వేసుకొని బస్టాండ్ దగ్గర ఒక షెడ్డుకు పట్టుకెళ్లాను, ఇంతకుముందుది కాదు. ఎవరు విప్పారని అడిగాడు, నేనే అంటే ఒకసారి నా చేతులు చూసి నవ్వాడు. ప్రెస్సులో పెట్టి, కవర్లు, దిమ్మలు, పై బేరింగులు మార్చి ఇచ్చాడు. కడ్డీని పట్టకారతో పట్టుకోలేదు, నేను చెప్పకుండానే. తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చేయించాను, ఎడమ చక్రం బాగానే లోపలికి తిరిగి ఉందట, ఆర్మ్ మార్చాక మారకుండా ఎట్లుంటుంది. మొత్తం ఖర్చు సామాను, కూలీ, అలైన్‌మెంట్ కలిపి 9,400. స్టాండ్లు, ట్రాలీ జాకీ, టార్క్ రించ్ అందులో లేవు, అవి కలిపితే మా ఆవిడకు చెప్పే లెక్క వేరు.

శబ్దం పోయింది. డోర్ కూడా సరిగానే పడుతోందట.

వాడపల్లి_వైపు

శుభం. పెద్దనాన్న గారి వాకిలికి గ్రీజు మరకలు అంటుకుంటే రంపపు పొట్టు చల్లి ఒక రాత్రి వదిలేయండి, పొద్దున ఊడ్చేయండి. మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య.

పాలమూరు_పాన

బాగా చేశావు తమ్ముడూ. 50 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ చూశావా?

నల్లగొండ_గడియారం

లేదన్నా. మీ పోస్టు చూసి ఇప్పుడే రించ్ పట్టుకొని కిందికి దిగి వచ్చాను. కుడి చక్రంలో ఒకటి ఇంకా కొంచెం తిరిగింది, మిగతావన్నీ క్లిక్.